డెస్క్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ వేడెక్కిపోతోందా? హీట్‌సింక్ కొనకముందే చూడాల్సినవి

ఎండాకాలం వచ్చిందంటే చాలు, "ఎస్‌ఎస్‌డీ 78 డిగ్రీలు చూపిస్తోంది, ఏ హీట్‌సింక్ తీసుకోమంటారు?" అని వరసపెట్టి అడుగుతారు. వాళ్లని నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎప్పుడు 78? ఊరికే కంప్యూటర్ ఆన్ చేసి వదిలేసినప్పుడా, వంద జీబీ ఫైలు కాపీ చేస్తున్నప్పుడా, గేమ్ మొదలుపెట్టిన అరగంటకా? ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. హీట్‌సింక్, అంటే డ్రైవ్ మీద బిగించి వేడిని లాగేసే లోహపు రేకు, నిజంగా పనిచేసేది వీటిలో ఒకదానికే. మిగతా రెండింటిలో అది వేడిని ఓ పది నిమిషాలు వాయిదా వేస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు.

అందుకే ఇందులో స్క్రూడ్రైవర్ చాలా ఆలస్యంగా బయటికొస్తుంది. ముందు కూర్చుని చూడటం, రాసుకోవడం, ఆ తర్వాతే విప్పడం.

మీది ఏ డ్రైవ్?

సాటా డ్రైవ్ అయితే, అంటే 2.5 అంగుళాల చిన్న డబ్బాలా ఉండి రెండు కేబుల్స్ తగిలించి ఉండేదైతే, మామూలుగా ఈ బాధ ఉండదు. అది సెకనుకు 550 ఎంబీ దాటలేదు, తినే కరెంటూ తక్కువే. సాటా డ్రైవ్ 60 దాటుతోందంటే దాని చుట్టుపక్కల చూడండి, గాలాడని మూలలో వేడి హార్డ్‌డిస్క్‌కి ఆనుకుని ఇరుక్కుని ఉంటుంది చాలాసార్లు. జరిపి పెడితే సరిపోతుంది.

అసలు తంటా అంతా మదర్‌బోర్డులోకే నేరుగా గుచ్చే ఎం.2 ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లతో. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పల్చటి పలక మీద కంట్రోలర్ (డ్రైవ్‌ని నడిపించే చిప్), డేటా దాచే మెమరీ చిప్‌లు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. వీటిలో జెన్ 3, 4, 5 అని తరాలుంటాయి. జెన్ 3 డ్రైవ్ సెకనుకు 3,500 ఎంబీ దాకా, జెన్ 4 దాదాపు 7,000 దాకా వెళ్తాయి. జెన్ 5 అయితే 10,000 నుంచి 14,000 పైదాకా. వేగం పెరిగిన కొద్దీ ఎక్కువగా కాగేది కంట్రోలర్ చిప్పే. 2023లో వచ్చిన మొదటి విడత జెన్ 5 డ్రైవ్‌లలో 12 నానోమీటర్ల కంట్రోలర్లు ఉండేవి, ఒత్తిడి పడితే 10 వాట్ల చుట్టుపక్కల తినేవి. వాటిని హీట్‌సింక్ లేకుండా పెట్టి పెద్ద ఫైలు ఎక్కిస్తే వేగం తగ్గించుకోవడం మాట అటుంచి ఏకంగా ఆగిపోయినవి కూడా ఉన్నాయి, తర్వాత ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్‌తో సర్దారు. ఆ తర్వాత వచ్చిన 6 నానోమీటర్ల కంట్రోలర్లు చాలా నయం. కాబట్టి మీది జెన్ 5 అయితే చర్చ అనవసరం, హీట్‌సింక్ ఉండాల్సిందే. జెన్ 3, జెన్ 4 వాళ్లే ఓపిగ్గా ముందుకెళ్లాలి.

ఎంత వేడి ఎక్కువ వేడి?

చాలామంది అనవసరంగా టెన్షన్ పడేది ఇక్కడే. కంపెనీ స్పెక్ షీట్‌లో 0 నుంచి 70 డిగ్రీలు అని ఉంటుంది, మన డ్రైవ్ 71 చూపించగానే గుండె జారిపోతుంది. కానీ అదే డ్రైవ్ లోపల ఫర్మ్‌వేర్ పెట్టుకున్న హద్దులు వేరు. శాంసంగ్ 980 ప్రో తీసుకోండి, షీట్ మీద 70 అని ఉన్నా డ్రైవ్ తనే చెప్పుకునే హెచ్చరిక హద్దు 82, ప్రమాద హద్దు 85. ఆ హెచ్చరిక హద్దు దగ్గరికి వచ్చేసరికి అదే వేగం తగ్గించుకుని చల్లబడుతుంది, దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అంటే డ్రైవ్ కాలిపోకముందే జాగ్రత్తపడుతుంది, మీకు కనిపించేది మాత్రం కాపీ నత్తనడక నడవడం.

గది 30-35 డిగ్రీలు ఉన్నప్పుడు నేను లెక్కేసుకునేది ఇలా ఉంటుంది. పనేమీ లేనప్పుడు 40 నుంచి 50 మధ్య ఉంటే మామూలే. పని చేస్తూ 60, 65, 70 అన్నా పట్టించుకోను. పని పడ్డ ప్రతిసారీ 75 దాటుతుంటే చూడాలి. 80 దాటితే వేగం పడిపోతున్నట్టే. ఇంకొకటి ఉంది, అందరూ వదిలేసేది: ఖాళీగా ఉండగానే 60 దాటుతుంటే, ఆ అంకె ప్రమాదకరం కాకపోయినా, ఎక్కడో ఏదో సరిగ్గా లేదనే అర్థం.

గది ఉష్ణోగ్రత మర్చిపోకండి. డ్రైవ్ చల్లబడేది గదిలో ఉన్న గాలితోనే, కాబట్టి గది 12 డిగ్రీలు పెరిగితే డ్రైవ్ కూడా కొంచెం అటూ ఇటూగా అంతే పెరుగుతుంది. యూట్యూబ్‌లో రివ్యూ చేసేవాళ్లు చాలామంది 22, 25 డిగ్రీల ఏసీ గదుల్లో కొలుస్తారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో పై అంతస్తులో, స్లాబ్ కింద, ఏసీ లేని గదిలో కూర్చుని ఆ అంకెలతో పోల్చుకుంటే మన డ్రైవ్ పాడైపోయినట్టే అనిపిస్తుంది. గదిలో ఓ చిన్న థర్మామీటర్ పెట్టుకోండి, డ్రైవ్ వేడిలోంచి గది వేడి తీసేసి పోల్చుకోండి. జనవరిలో గది 24, డ్రైవ్ 58. మేలో గది 37, డ్రైవ్ 71. ఈ రెండూ ఒకటే, కొత్తగా ఏమీ పాడవలేదు.

స్టెప్ 1: సరైన అంకె చదవండి

విండోస్ 11లో అయితే ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే చూడొచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, అడ్వాన్స్‌డ్ స్టోరేజ్ సెట్టింగ్స్, డిస్క్స్ అండ్ వాల్యూమ్స్, అక్కడ మీ డ్రైవ్ ప్రాపర్టీస్ తెరిస్తే డ్రైవ్ హెల్త్ అని ఉంటుంది, అందులో ఉష్ణోగ్రత కనిపిస్తుంది. ఒకసారి చూడటానికి ఇది చాలు. కానీ మనకి కావాల్సింది ఒక్క అంకె కాదు, కాసేపట్లో అది ఎలా పెరిగింది, ఎక్కడ ఆగింది అన్నది. దానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం వేసుకోండి, తెరిచేటప్పుడు సెన్సర్స్ ఓన్లీ అని టిక్ పెట్టండి. ప్రతి వరసలో ఇప్పటి అంకె, కనిష్ఠం, గరిష్ఠం, సగటు నాలుగూ ఇస్తుంది.

అందులో ఒకే డ్రైవ్‌కి డ్రైవ్ టెంపరేచర్, డ్రైవ్ టెంపరేచర్ 2, ఒక్కోసారి 3 అని కూడా కనిపిస్తే తికమక పడకండి. మొదటిది డ్రైవ్ మొత్తానికి చెప్పే లెక్క, థ్రాట్లింగ్ విషయంలో దాన్నే చూడాలి. రెండోది చాలా డ్రైవ్‌లలో కంట్రోలర్ దగ్గరి సెన్సర్, అది ఎప్పుడూ పది పదిహేను డిగ్రీలు ఎక్కువే ఉండొచ్చు. ఈ రెండోది 85 చూసి పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్లే ఎక్కువ.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వాడేవాళ్లకి ఒక మాట: ఉష్ణోగ్రత గడి పసుపు రంగులోకి మారితే కంగారు పడకండి, ఆ హద్దు ఆ ప్రోగ్రాం పెట్టుకున్నది, మీ డ్రైవ్ తయారుచేసినవాళ్లు పెట్టింది కాదు. మీ డ్రైవ్ సొంత హద్దులు తెలియాలంటే స్మార్ట్‌మాంటూల్స్ అనే ఉచిత టూల్ ఉంది, విండోస్‌కీ లినక్స్‌కీ కూడా దొరుకుతుంది, కమాండ్లు టైపు చేయడం ఇష్టం లేకపోతే దాని మీదే నడిచే జీస్మార్ట్‌కంట్రోల్ వాడండి. అందులో హెచ్చరిక హద్దు ఎంత, ప్రమాద హద్దు ఎంత అన్నదే కాకుండా ఈ డ్రైవ్ పుట్టినప్పటి నుంచి ఆ హద్దులు దాటి మొత్తం ఎన్ని నిమిషాలు గడిపిందో కూడా ఉంటుంది. వార్నింగ్ కాంప్ టెంపరేచర్ టైమ్ అన్న వరస చూడండి. సున్నా ఉందా, హాయిగా ఉండండి, తొందరేం లేదు. వందల్లో ఉందా, మీ అనుమానం నిజమే. సెకండ్‌హ్యాండ్ డ్రైవ్ కొనేటప్పుడు కూడా ముందు ఈ వరసే చూడాలి, అమ్మేవాడు చెప్పని చరిత్ర అంతా అక్కడుంటుంది.

ఇక కొన్ని మరీ చవక డ్రైవ్‌లు పొద్దున చూసినా, ఫైలు కాపీ చేస్తూ చూసినా, నట్టనడి మేలో చూసినా 40 అనే చూపిస్తాయి. ఆ అంకెని నమ్మకండి. అలాంటి డ్రైవ్‌కి కాపీ వేగాన్ని బట్టే వేడిని అంచనా వేసుకోవాలి.

స్టెప్ 2: మూడు పూటలు కొలవండి

ఒక కాగితం తీసుకోండి, గది ఉష్ణోగ్రత, టైమ్ పైన రాసుకోండి.

మొదట కంప్యూటర్ ఆన్ చేసి ఇరవై నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి, బ్రౌజర్ కూడా తెరవొద్దు. ఎక్కడ ఆగిందో రాసుకోండి.

రెండోది, ఓ 80-100 జీబీ ఉన్న ఫోల్డర్‌ని అదే డ్రైవ్‌లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేయండి. చదవడం, రాయడం రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఇంతకన్నా గట్టి పరీక్ష ఇంట్లో అక్కర్లేదు. బెంచ్‌మార్క్ సాఫ్ట్‌వేర్లు మామూలు సెట్టింగ్‌లో ఒక జీబీ ఫైలుతో ఆడి వదిలేస్తాయి, డ్రైవ్‌కి చెమట పట్టేలోపే అయిపోతుంది. ఇంత రాస్తే డ్రైవ్ అరిగిపోదా అనుకోకండి, ఒక టీబీ డ్రైవ్‌కి మామూలుగా 600 టీబీ రాతలకు గ్యారంటీ ఇస్తారు, అందులో ఈ వంద జీబీ ఓ మూలకి రాదు.

కాపీ జరుగుతుంటే టాస్క్ మేనేజర్‌లో వేగం, పక్కనే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వేడి, రెండూ కలిపి చూడాలి. ఎందుకంటే వేగం పడిపోయిన ప్రతిసారీ వేడి కారణం కాదు. ఈ కాలం డ్రైవ్‌లు కొంత భాగాన్ని వేగంగా రాసే తాత్కాలిక జాగాగా వాడుకుంటాయి, ఎస్‌ఎల్‌సీ క్యాష్ అంటారు. అది నిండగానే వేగం ధబీమని పడుతుంది, చవక డ్రైవ్‌లలో హార్డ్‌డిస్క్ కంటే కనాకష్టంగా నడిచేవి కూడా ఉన్నాయి. తేడా కనిపెట్టడం సులువే: 62 డిగ్రీల దగ్గరే వేగం పడిపోయి, ఇక అలాగే కింద ఉండిపోతే అది క్యాష్ నిండటం, ఎంత హీట్‌సింక్ పెట్టినా మారదు. 80 చేరగానే వేగం పడి, వేడి తగ్గగానే మళ్లీ లేచి, మళ్లీ పడి, రంపం పళ్లలా గ్రాఫ్ కనిపిస్తే అది థ్రాట్లింగ్. డ్రైవ్ ఎంత నిండి ఉంటే ఆ క్యాష్ అంత చిన్నదవుతుంది చాలా మోడళ్లలో, కాబట్టి 95 శాతం నిండిన డ్రైవ్‌తో ఈ పరీక్ష చేసి తీర్పు చెప్పకండి.

మూడోది గేమ్, లేదా మీరు గ్రాఫిక్స్ కార్డుతో చేసే రెండరింగ్ లాంటి పని, అరగంట.

స్టెప్ 3: పక్క డోర్ తీసి టేబుల్ ఫ్యాన్

పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, నా దృష్టిలో ఈ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైనది కూడా. కేబినెట్ పక్క డోర్ తీసేయండి, టేబుల్ ఫ్యాన్ ఓ రెండడుగుల దూరంలో పెట్టి మదర్‌బోర్డు మీదికి తిప్పండి, ఏ పూట వేడెక్కిందో ఆ పరీక్షే మళ్లీ చేయండి.

పది, పదిహేను డిగ్రీలు పడిపోయిందా? మీ డ్రైవ్‌కి గాలి అందడం లేదు, కేబినెట్ సంగతి చూడాలి. ఫ్యాన్ హోరున తిరుగుతున్నా రెండు మూడు డిగ్రీలే తగ్గిందా? అయితే చిప్ మీది వేడి హీట్‌సింక్ దాకా చేరడమే లేదు, రెండింటి మధ్య ఉండే మెత్తటి థర్మల్ ప్యాడ్ సరిగ్గా అతుక్కోలేదు. డ్రైవ్‌కి హీట్‌సింకే లేకుండా ఉండి, ఫ్యాన్‌తో బాగా తగ్గితే, ముందు గాలి దారి చూసి ఆ తర్వాత హీట్‌సింక్ గురించి ఆలోచించొచ్చు.

ఖాళీగా ఉన్నా వేడి

ఊరికే ఉన్నప్పుడే 60 చూపించేవాళ్లు ముందు టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ వరస మీద నొక్కండి, ఎవరు రాస్తున్నారో పైకి వస్తుంది. సెర్చ్ ఇండెక్సింగ్, విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్, వెనకాల దిగుతున్న గేమ్ అప్‌డేట్, క్లౌడ్ సింక్, టొరెంట్, వీటిలో ఒకటి ఉంటుంది. కొత్తగా విండోస్ వేసిన ఒకటి రెండు రోజులు ఇండెక్సింగ్ వల్ల ఇలా ఉండటం సహజం, వదిలేయండి. 8 జీబీ ర్యామ్ పెట్టుకుని ముప్ఫై ట్యాబ్‌లు తెరిచేవాళ్లయితే ర్యామ్ చాలక విండోస్ ఎస్‌ఎస్‌డీనే ర్యామ్‌లా వాడుకుంటూ ఉంటుంది, అది రోజంతా సాగే పని. అక్కడ హీట్‌సింక్‌కి పెట్టే డబ్బు ర్యామ్‌కి పెట్టడం మేలు.

ఎవరూ ఏమీ రాయట్లేదు, అయినా వేడి ఉందంటే పవర్ సెట్టింగ్స్ చూడండి. ఎన్‌వీఎంఈ డ్రైవ్ పని లేనప్పుడు నిద్రపోవాలి. హై పర్ఫార్మెన్స్ ప్లాన్ పెట్టుకుంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ విభాగంలోని లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఆఫ్‌లో ఉంటుంది, డ్రైవ్‌ని కునుకు తీయనివ్వదు. బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌కి మార్చండి, డెస్క్‌టాప్‌లో వేగం తేడా మీకు తెలియను కూడా తెలియదు. శాంసంగ్ డ్రైవ్‌ల కోసం ఉండే మెజీషియన్ సాఫ్ట్‌వేర్‌లో ఫుల్ పర్ఫార్మెన్స్ మోడ్ అని ఒకటుంటుంది, అది ఆన్ చేసి మర్చిపోయినవాళ్లు చాలామంది. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఏఎస్‌పీఎం అనే కరెంటు ఆదా సెట్టింగ్ డిసేబుల్‌లో ఉంటే ఆటోకి మార్చి చూడండి. మార్చాక డ్రైవ్ మధ్యమధ్యలో మాయమవుతుంటే మాత్రం మళ్లీ వెనక్కి పెట్టేయండి, కొన్ని డ్రైవ్‌లకి ఆ నిద్ర పడదు.

ఇంకో కారణం ఉంది, ఇది ఓ పట్టాన తట్టదు. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డుల ఫ్యాన్లు కార్డు చల్లగా ఉన్నంతసేపు తిరగవు. ఫ్యాన్లు ఆగిపోయి, కార్డు మాత్రం 48-50 డిగ్రీల్లో గోరువెచ్చగా ఉండి, దాని కిందో ఆనుకునో ఎస్‌ఎస్‌డీ ఉందనుకోండి, ఆ వేడంతా అక్కడే మడుగు కడుతుంది. విచిత్రంగా గేమ్ మొదలుపెట్టి ఫ్యాన్లు తిరగగానే ఎస్‌ఎస్‌డీ కాస్త చల్లబడుతుంది కూడా. కార్డు సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాన్లని కనీసం 30 శాతం ఎప్పుడూ తిరిగేలా పెట్టి చూడండి, శబ్దం వినపడదు, తేడా కనపడుతుంది.

గేమ్ ఆడితేనే వేడి

గేమ్ ఆడుతున్నప్పుడు ఎస్‌ఎస్‌డీ చేసే పని నిజానికి తక్కువ. లోడింగ్ అయ్యాక అది దాదాపు ఖాళీయే. అయినా 75కి చేరుతోందంటే ఆ వేడి దానిది కాదు, పక్కింటిది. చాలా బోర్డుల్లో మొదటి ఎం.2 స్లాట్ ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య ఉంటుంది, కొన్నింట్లో నేరుగా కార్డు పొట్ట కింద ఉంటుంది. 250 వాట్లు వెళ్లగక్కే కార్డు పక్కన కూర్చున్న డ్రైవ్‌కి ఎంత పెద్ద హీట్‌సింక్ పెట్టినా, దాన్ని చల్లబరచాల్సిన గాలే వేడిగా ఉన్నప్పుడు లాభమేముంది?

మందు రెండు రకాలు. ఒకటి కేబినెట్‌లో గాలి, అది కింద చెప్తాను. రెండు, డ్రైవ్‌ని కిందనున్న ఇంకో స్లాట్‌లోకి మార్చడం. మార్చేముందు మదర్‌బోర్డు మాన్యువల్ తెరవండి, ఇది తప్పనిసరి. ఉదాహరణకి ఏఎండీ ప్రాసెసర్లకి వచ్చే బీ550 బోర్డుల్లో మొదటి స్లాట్ ప్రాసెసర్ నుంచి వచ్చే జెన్ 4, రెండోది బోర్డు మీది చిప్‌సెట్ నుంచి వచ్చే జెన్ 3, కాబట్టి అక్కడికి మారిస్తే గరిష్ఠ వేగం సగమవుతుంది. కొన్ని బోర్డుల్లో రెండో స్లాట్ వాడగానే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, హార్డ్‌డిస్క్ కనపడట్లేదని తర్వాత తల పట్టుకోవాలి. వేగం సగమవడం గురించి నా అభిప్రాయం అడిగితే, విండోస్ తెరుచుకోవడంలోనూ గేమ్ లోడవడంలోనూ జెన్ 3కీ జెన్ 4కీ తేడా కళ్లకి ఆనేంత ఉండదు. రోజూ వందల జీబీ వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల సంగతి వేరు.

కాపీ చేస్తేనే వేడి: ఇప్పుడు స్క్రూడ్రైవర్ తీయండి

నిజంగా హీట్‌సింక్ పని ఇదే. ఫ్యాన్ పరీక్షలో తేడా రానివాళ్లు కూడా ఇక్కడికే రావాలి.

ముఖ్యమైన ఫైళ్లు ఇంకో చోటికి కాపీ చేసుకోండి. డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే డేటా తాళం) ఉంటే రికవరీ కీ ఎక్కడుందో చూసుకోండి. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి ఉంచండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి ఒంట్లో స్టాటిక్ వదిలించుకోండి. గ్రాఫిక్స్ కార్డు అడ్డముంటే ముందు వెనకవైపు స్క్రూలు తీసి, స్లాట్ చివర్న ఉండే చిన్న ప్లాస్టిక్ గడియ నొక్కి కార్డుని పైకి లాగాలి. ఆ గడియ కార్డు కింద దాక్కుని ఉంటుంది, వేలు పట్టదు, ఒక చెక్క స్కేలుతో నొక్కితే సులువు. గడియ వదలకుండా కార్డు లాగారంటే స్లాట్ ఊడి చేతికొస్తుంది.

హీట్‌సింక్ స్క్రూలు తీశాక దాన్ని బలవంతంగా పైకి పీకొద్దు. ప్యాడ్ జిగురుగా పట్టుకుని డ్రైవ్‌ని కూడా పైకి లేపేస్తుంది. మెల్లగా పక్కకి అటూ ఇటూ కదుపుతూ విడదీయండి. ఒకవేళ పట్టు వదలకపోతే కంప్యూటర్ ఓ పావుగంట నడిపి, ఆపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ప్రయత్నించండి.

ఇప్పుడు ప్యాడ్‌ని వెలుతురులో పెట్టి చూడండి. సరిగ్గా ఆనిన ప్యాడ్ మీద చిప్‌ల గుర్తులు నలుచదరంగా, అంచులతో సహా లోపలికి దిగి ఉంటాయి. కంట్రోలర్ ఉన్నచోట గుర్తు లోతుగా ఉందా లేదా అన్నదే చూడాలి. మెమరీ చిప్‌ల గుర్తులు బాగా పడి, కంట్రోలర్ దగ్గర ప్యాడ్ నున్నగా కొత్తదానిలా ఉందంటే దొంగ దొరికినట్టే. చాలా డ్రైవ్‌లలో కంట్రోలర్ ఎత్తు మెమరీ చిప్‌ల కంటే కాస్త తక్కువ, పల్చటి ప్యాడ్ దాని దాకా చేరదు. ఇంకా మామూలుగా కనిపించేది, ప్యాడ్ మీద నీలంగానో తెల్లగానో మెరిసే పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోవడం. బోర్డుతో వచ్చే హీట్‌సింక్‌కి ఆ పొర తీసేసి బిగించాలి. డబ్బులిచ్చి షాపులో అసెంబుల్ చేయించిన మెషీన్లలో కూడా ఇది అలాగే ఉండటం చాలాసార్లు చూశాను. పారదర్శకంగా ఉండే పొర అయితే కంటికి కనపడదు, మూలన గోటితో గీకి చూడండి, లేస్తే లాగేయండి.

కొత్త ప్యాడ్ వేయాలంటే 0.5, 1, 1.5 మిల్లీమీటర్ల మందాల్లో దొరుకుతాయి. ఏది సరిపోతుందో తెలియకపోతే 1 మిల్లీమీటర్‌తో మొదలుపెట్టి, ఒకసారి బిగించి, తీసి, గుర్తులు పడ్డాయో లేదో చూడండి. మందంగా ఉంటే మంచిదే కదా అనుకోవద్దు. స్క్రూ బిగించాక డ్రైవ్‌ని పక్కనుంచి కన్ను ఆనించి చూడండి, మధ్యలో విల్లులా వంగితే ప్యాడ్ మందం ఎక్కువైనట్టే, అలా వదిలేస్తే టంకాలు వదులవుతాయి. సీపీయూకి రాసే పేస్ట్ ఇక్కడ రాయొద్దు, చిప్‌ల మధ్య సందులు అది నింపలేదు.

డ్రైవ్‌కి రెండు వైపులా చిప్‌లు ఉన్నాయేమో తిప్పి చూడండి. కొన్ని బోర్డులు స్లాట్ కింద చిన్న రబ్బరు ముక్క ఇస్తాయి, అది ఒకవైపే చిప్‌లు ఉన్న డ్రైవ్ వంగకుండా ఉండటానికి. రెండువైపులా చిప్‌లుంటే ఆ రబ్బరు తీసేయాలి.

స్టిక్కర్ మాత్రం పీకకండి. అది తీసేస్తే డైరెక్ట్‌గా చిప్‌కి తగిలి బాగా చల్లబడుతుందని చెప్పేవాళ్లుంటారు, కానీ తీశారంటే వారంటీ పోయినట్టే. పైగా కొన్ని కంపెనీల స్టిక్కర్‌లో రాగి పొర ఉంటుంది, వేడిని పరచడానికే. ప్యాడ్ స్టిక్కర్ మీదే వేసేయండి, డిగ్రీ రెండు డిగ్రీల తేడా, అంతే.

హీట్‌సింక్ కొనాల్సి వస్తే బోర్డుతో వచ్చిన మందపాటి రేకు ఉండగా ఇంకోటి కొనకండి, జెన్ 4 దాకా అది చాలు. లేనివాళ్లు కొన్ని వందల రూపాయల్లో వచ్చే అల్యూమినియంది తీసుకోండి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కౌంటర్ కౌంటర్‌కీ దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి. కొనేముందు స్కేలు పెట్టి ఎత్తు కొలుచుకోండి, గ్రాఫిక్స్ కార్డు కిందకి వచ్చే స్లాట్‌లో ఎత్తైన హీట్‌సింక్ పట్టదు, పెద్ద సీపీయూ కూలర్ ఉంటే మొదటి స్లాట్‌లోనూ అదే గొడవ. చిన్న బుల్లి ఫ్యాన్ ఉన్నవి నేను సలహా ఇవ్వను, మన దుమ్ముకి ఏడాది తిరక్కుండానే కీచుమంటాయి. డ్రైవ్‌కి దాని సొంత హీట్‌సింక్ ఉంటే బోర్డు హీట్‌సింక్ తీసి డబ్బాలో పెట్టేయండి, రెండూ ఒకదాని మీద ఒకటి వద్దు.

తిరిగి పెట్టేటప్పుడు డ్రైవ్‌ని 30 డిగ్రీల వాలులో గుచ్చి, మెల్లగా పడుకోబెట్టి స్క్రూ వేయాలి. బంగారు రంగు కాంటాక్ట్‌లు ఒక గీత కూడా బయటికి కనపడకూడదు. స్క్రూ వేలి పట్టుతో ఆగేదాకా చాలు, బిగించాల్సిన బోల్టు కాదది.

గాలి దారి

కంప్యూటర్ టేబుల్‌లో సీపీయూ పెట్టుకోవడానికి చెక్క అర ఇస్తారు చూశారా, మూడువైపులా మూసి ఉండేది, అందులోంచి బయటికి తీయండి. దీనికి మించిన అప్‌గ్రేడ్ లేదు. వెనకనుంచి బయటికొచ్చిన వేడిగాలే గోడకి తగిలి మళ్లీ ముందునుంచి లోపలికి పోతుంటుంది అందులో.

తర్వాత ముందువైపు దుమ్ము జల్లెడ. పండగకి ఇల్లు దులుపుతాం కానీ దీన్ని ఎవరూ చూడరు. తీసి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఫ్యాన్లు ముందునుంచి లోపలికి, వెనకనుంచి బయటికి కొడుతున్నాయో లేదో ఒక టిష్యూ ముక్క ఆనించి చూడండి, అద్దం ముందున్న కేబినెట్లలో మూడు ఫ్యాన్లూ బయటికే కొట్టేలా బిగించినవి ఉంటాయి. ముందు ఒక్క ఫ్యాన్ కూడా లేకపోతే, ఎస్‌ఎస్‌డీకి హీట్‌సింక్ కొనే డబ్బుతో అక్కడో 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ వేయండి, మిగతా భాగాలకీ మేలు. ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ ఫ్యాన్ వేగాన్ని ఎస్‌ఎస్‌డీ వేడిని బట్టి మారేలా కూడా పెట్టుకోవచ్చు.

ఎయిర్ కూలర్ మాత్రం నేరుగా కేబినెట్‌కి ఎదురుగా పెట్టకండి. చల్లగా ఉంటుంది నిజమే, ఆ తడిగాలికి దుమ్ము బోర్డు మీద పేస్ట్‌లా అంటుకుంటుంది, తర్వాత తుప్పు.

అయినా తగ్గకపోతే

ఫర్మ్‌వేర్ చూడండి. శాంసంగ్‌కి మెజీషియన్, క్రూషియల్‌కి స్టోరేజ్ ఎగ్జిక్యూటివ్, కింగ్‌స్టన్‌కి ఎస్‌ఎస్‌డీ మేనేజర్, ఇలా ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్లకుంటుంది. బ్యాకప్ లేకుండా అప్‌డేట్ నొక్కొద్దు, యూపీఎస్ లేకుండా అసలే వద్దు, మధ్యలో కరెంటు పోతే డ్రైవ్ ఇక లేవకపోవచ్చు.

చివరి చిట్కా, చాలామందికి తట్టనిది: బయోస్‌లో ఆ ఎం.2 స్లాట్ లింక్ స్పీడ్‌ని ఆటో నుంచి జెన్ 3కి దించేయండి, మీ బోర్డులో ఆ ఆప్షన్ ఉంటే. పైసా ఖర్చు లేదు, స్లాట్ మార్చక్కర్లేదు, పెద్ద కాపీలప్పుడు వేడి బాగా తగ్గుతుంది. వర్షాలు పడ్డాక మళ్లీ ఆటోకి పెట్టుకోవచ్చు.

వేడి మీదికి నెట్టేసే వేరే రోగాలు

కంప్యూటర్ ఫ్రీజ్ అయి, రీస్టార్ట్ చేస్తే బయోస్‌లో డ్రైవ్ కనపడక, కాసేపు ఆపి ఆన్ చేస్తే మళ్లీ కనిపిస్తే అది వేడి కావచ్చు, కాకపోవచ్చు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి ఆ సమయం దగ్గర చూడండి. స్టోర్‌ఎన్‌వీఎంఈ పేరుతో 129 నంబర్ ఉంటే డ్రైవ్ జవాబివ్వక విండోస్ దాన్ని రీసెట్ చేసిందన్నమాట. ఆ నిమిషంలో వేడి ఎంతుందో హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాగ్‌లో చూస్తే తేలిపోతుంది. 80 దాటి ఉంటే వేడే. 50ల్లో ఉండగా ఇలా జరిగితే డ్రైవ్‌నో, స్లాట్‌నో, ఇందాక చెప్పిన పవర్ సెట్టింగ్‌నో అనుమానించండి. కెర్నల్ పవర్ 41 ఒక్కటే ఉండి ఇంకేమీ లేకపోతే ఎస్‌ఎస్‌డీని వదిలేసి పీఎస్‌యూనీ (కంప్యూటర్ లోపల కరెంటిచ్చే డబ్బా) యూపీఎస్ బ్యాటరీనీ చూడండి.

ప్యాడ్ సరిగ్గా ఉండి, గాలి బాగుండి, గది 28 ఉండి, ఏ పనీ లేకుండా డ్రైవ్ 70 చూపిస్తోందంటే ఇంకో మెషీన్‌లో పెట్టి చూడండి. అక్కడా అంతే అయితే వారంటీకి పంపాల్సిందే. పంపేముందు జీస్మార్ట్‌కంట్రోల్‌లో కనిపించే స్మార్ట్ వివరాల స్క్రీన్‌షాట్లు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాగ్ ఫైలు దాచుకోండి, సర్వీస్ సెంటర్‌లో ఓ రెండు నిమిషాలు ఆన్ చేసి "బాగానే ఉందండీ" అని తిప్పి పంపకుండా అవి పనికొస్తాయి. డేటా కాపీ తీసుకుని డ్రైవ్‌ని సెక్యూర్ ఎరేజ్ (డేటా తిరిగి రాకుండా చెరిపేయడం) చేసి మరీ ఇవ్వండి, తిరిగి వచ్చేది చాలాసార్లు మీ డ్రైవ్ కాదు, వేరేది.